బండి బాడీ కొలిచాకే జీవాలు ఎక్కించండి



బక్రీద్ చాంద్రమానం లెక్కన వచ్చే పండుగ. అందుకే ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంటుంది. 2023లో జూన్ 29న వచ్చింది. 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. 2026లో మే నెలాఖరుకు, 2027లో మే నడిమికి, 2028లో మే మొదటి వారానికి జరుగుతుంది. అంటే హైదరాబాద్ పాతబస్తీకి పొట్టేళ్లు, మేకపోతులు లారీల మీద, డీసీఎంల మీద, ట్రాలీ ఆటోల మీద తరలివచ్చే రోజులు ఇకమీదట సరిగ్గా నడివేసవిలో పడబోతున్నాయి. చాలాకాలం పశువైద్యుడిగా పనిచేసిన నాకు ఈ మాట తలచుకుంటేనే ఆందోళనగా ఉంటుంది. అందుకే జీవాలను బండి ఎక్కించేవాళ్లతో, బండి నడిపేవాళ్లతో, కొనుక్కునేవాళ్లతో నాలుగు మాటలు చెబుదామని వచ్చాను.

పాతబస్తీకి జీవాలు రావడం పండుగ నాటి ముచ్చటే కాదు. మూసీ ఒడ్డున, పురానాపూల్‌కు దగ్గరలో ఉన్న జియాగూడ మండీకి ఏడాది పొడుగునా గొర్రెలు, మేకలు వస్తూనే ఉంటాయి. మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు నుంచి వస్తాయి. కర్నూలు, అనంతపురం, ప్రకాశం జిల్లాల నుంచి వస్తాయి. కర్ణాటక, మహారాష్ట్ర నుంచి, పండుగ ముందు రాజస్థాన్ నుంచి కూడా వస్తాయి. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు కోటీ 90 లక్షలు. గొర్రెల సంఖ్యలో దేశంలోనే మొదటి స్థానం మనది. అయినా బక్రీద్ ముందు చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చంచల్‌గూడ పక్క ఖాళీ జాగాల్లో దిగే జీవాల్లో దూరప్రాంతాల నుంచి వచ్చినవి బోలెడు. వందల కిలోమీటర్లు నిలబడి వచ్చినవే అవన్నీ.

ఇక అసలు సంగతికి వస్తాను. బండికి బరువు పరిమితి ఉంటుందని ప్రతి డ్రైవరుకూ తెలుసు. ఆర్‌సీలో రెండు అంకెలు రాసి ఉంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది లోడుతో కలిపి ఉండవలసిన గరిష్ఠ బరువు. మొదటిదాన్ని రెండోదాంట్లోంచి తీసేస్తే మనం ఎక్కించగలిగిన లోడు తేలుతుంది. ఆ లోడులో జీవాలు ఒక్కటే కాదు, డ్రైవరు, క్లీనరు, మేత బస్తాలు, నీళ్ల డ్రమ్ము, బాడీ మీద అదనంగా బిగించిన ఇనుప అర కూడా లెక్కకొస్తాయి. పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000 రూపాయలు పడతాయి. ఎక్కువైన లోడు దించేదాకా బండి కదలడానికి వీల్లేదు. 2019 సవరణ తర్వాత జరిమానాలు ఇంత పెరిగాయి. అందుకే ఇసుక లారీవాళ్లు, సిమెంటు లారీవాళ్లు ధర్మకాంటా మీద బండి ఎక్కించి చూసుకుని మరీ బయల్దేరతారు.

జీవాల బండి విషయంలో మాత్రం ధర్మకాంటా చీటీ మనల్ని మోసం చేస్తుంది. బరువు సరిపోయినంత మాత్రాన లోడు సరిపోయినట్టు కాదు. ఈ ఒక్క మాట మీకు పట్టుబడితే చాలు, నేనింత దూరం వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

లెక్క చూడండి. మన దగ్గర 4 టన్నులకు పైగా మోసే డీసీఎంలున్నాయి. ఒక పొట్టేలు సగటున 35 కిలోలు ఉందనుకుందాం. వంద పొట్టేళ్లు ఎక్కించినా మూడున్నర టన్నులే. కాంటా చీటీ చూస్తే బండి నిక్షేపంగా ఉంది. కానీ చట్టం ఏమంటోంది? 1978 నాటి జంతు రవాణా నియమాలు నాలుగున్నర, అయిదు టన్నుల గూడ్సు బండిలో 40కి మించి గొర్రెలను గానీ మేకలను గానీ ఎక్కించకూడదని స్పష్టంగా రాశాయి. ఆ తర్వాత కేంద్ర మోటారు వాహన నియమాల్లో 125-ఇ అనే నియమం చేర్చారు. 2016 నుంచి అమల్లో ఉంది. అది ఒక్కో జీవానికీ ఎంత జాగా ఉండాలో చెబుతుంది. గొర్రెకు, మేకకు 0.3 చదరపు మీటర్లు. ఆవుకు, గేదెకు 2 చదరపు మీటర్లు. గుర్రానికి 2.25. జీవాల బండిలో వేరే సరుకేదీ వేయకూడదని కూడా అదే నియమం చెబుతోంది.

మనవాళ్లు బాడీని అడుగుల్లో చెబుతారు కాబట్టి అడుగుల్లోనే చూద్దాం. 0.3 చదరపు మీటర్లంటే దాదాపు మూడుంపావు చదరపు అడుగులు. 14 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉన్న బాడీ తీసుకోండి. 84 చదరపు అడుగులు. మూడుంపావుతో భాగిస్తే 25 జీవాలు, ఇంకాస్త సర్దితే 26. 17 అడుగులకు 7 అడుగుల బాడీ అయితే 36. టాటా ఏస్, అదే మనం ఛోటా హాథీ అనేది, దాని తొట్టి ఏడడుగుల పొడవు, అయిదడుగులకు కాస్త తక్కువ వెడల్పు. అందులో పది జీవాలు. ఆ పదీ కలిసి 350 కిలోలు. ఏస్ మొదట్లో వచ్చినప్పుడే ముప్పావు టన్ను మోసే బండి. అంటే సగం బరువుకే దాని జాగా అయిపోయింది. గొర్రెలు, మేకల విషయంలో బండి బరువు పరిమితి కన్నా ముందే బండి నేల నిండిపోతుంది. కాబట్టి కిలోలు చూసేముందు టేపు పట్టి బాడీ కొలవాలి.

ఇక్కడే చట్టాల్లో ఒక పెద్ద సందు ఉంది. టన్ను ఎక్కువైతే ఇరవై వేలకు పైగా జరిమానా. అది దేనికి? రోడ్డు పాడవుతుందని, బ్రేకులు ఆగవని. మంచిదే. కానీ వంద జీవాలను నిలబడే సందు లేకుండా కుక్కి, అందులో పది చచ్చిపోతే, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. అరవై ఏళ్ల కిందట రాసిన అంకెలు అవి. ఇవాళ ఇరానీ చాయ్‌లు రెండు తాగితే అయ్యే ఖర్చు అది. ఆ జరిమానాకు ఏ వ్యాపారి భయపడతాడు? ఈ అంకెలు మార్చడం పార్లమెంటు పని, తప్పకుండా మార్చాలి. అప్పటిదాకా ఈ జీవాలను కాపాడగలిగింది బండి ఎక్కించే చోట నిలబడిన మనిషే.

కుక్కితే ఏమవుతుందో దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. తెల్లవారుజామున జియాగూడలో ఒక డీసీఎం డాలా దించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వెనకవైపున్న జీవాలు ఠక్కున దూకేశాయి. నడిమివి నెమ్మదిగా దిగాయి. క్యాబిన్ వెనక మూలలో మాత్రం నాలుగైదు పొట్టేళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పైనున్నదాన్ని లేపితే లేచింది, కాళ్లు తడబడుతూ నిలబడింది. అడుగున ఉన్నది బిగుసుకుపోయి ఉంది. ఒంటి మీద చిన్న గాయం కూడా లేదు. కింద ఇనుప రేకు మూత్రంతో తడిసి జారుడుగా ఉంది, గడ్డి పరక లేదు. డ్రైవరు తలపట్టుకుని, దారిలో ఒక్కచోట బ్రేకు గట్టిగా వేశాను సార్, అంతే, అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఒక్క బ్రేకు చాలు. బండి ఆగుతుంది, జీవాలు ఆగవు. అన్నీ ముందుకు జరుగుతాయి, ముందున్నది పడిపోతుంది, దానిమీద మిగతావి పడతాయి. పడ్డదాని పక్కటెముకలకు కదిలే సందు ఉండదు. ఊపిరి తీసుకోలేక కొద్ది నిమిషాల్లో పోతుంది.

అందుకే పెద్ద బండ్లలో ప్రతి రెండు మూడు మీటర్లకూ వెడల్పునా అడ్డుకట్ట ఉండాలని నియమాలు చెబుతున్నాయి. ఎదురుబొంగులు రెండు అడ్డంగా గట్టిగా కట్టినా, తోపుడు మొత్తం ముందుకు రాకుండా ఎక్కడికక్కడ ఆగిపోతుంది. నేల మీద అయిదు సెంటీమీటర్ల మందాన గడ్డి పరవాలని కూడా అవే నియమాలు చెబుతున్నాయి. గొర్రెలు, మేకలు వేర్వేరుగా ఉండాలి. పొట్టేళ్లను ఆడవాటితో కలపకూడదు. కాళ్లు కట్టి పడేయకూడదు. బయల్దేరేముందు పశువైద్యుడి దగ్గర ప్రయాణానికి తగినవేనని ధ్రువపత్రం తీసుకోవాలి. ఈ పత్రం పోలీసుల కోసం తీసుకునే కాగితమని చాలామంది అనుకుంటారు. కానీ ఆ పరీక్షలో ఈనడానికి దగ్గరపడ్డదాన్ని, జ్వరంతో ఉన్నదాన్ని, కుంటుతున్నదాన్ని ముందే పక్కన పెడితే, దారిలో పడిపోయేవి తగ్గిపోతాయి. ఆ పరీక్ష చేయించుకోవడం వ్యాపారికే లాభం.

రెండు అరల బండ్ల గురించి ఒక మాట. ఇనుప కమ్మీలతో పైన మరో అర వేసి రెట్టింపు జీవాలను ఎక్కించడం మామూలైపోయింది. ఇసుక లోడు వేసిన చోటే ఉంటుంది. జీవం లోడు నడుస్తుంది. మలుపులో అన్నీ ఒకే పక్కకు వాలతాయి. పై అరలో 50 జీవాలుంటే, 1,700 కిలోలకు పైగా బరువు క్యాబిన్ ఎత్తున అటూ ఇటూ ఊగుతుంటుంది. కమాను పట్టీలు ఎంత గట్టివైనా ఆ ఊపుకు తట్టుకోలేవు. ఆరాంఘర్ దగ్గర మలుపులో గానీ, ఔటర్ రింగ్ రోడ్డు దిగే ర్యాంపు మీద గానీ వేగం తగ్గించకపోతే బండి పల్టీ కొట్టడానికి అంత బరువు చాలు. పైగా కింది అరలో ఉన్నవాటికి గాలి ఆడదు, పైవాటి మూత్రం వాటి కళ్లల్లో పడుతుంది. ఆ ఘాటుకు ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మండీలో దిగిన మూడు నాలుగు రోజులకు దగ్గుతో, ముక్కు కారుతూ చచ్చిపోయే జీవాల జబ్బు చాలాసార్లు బండిలోనే మొదలవుతుంది.

ఎండ సంగతి. మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుంచి వచ్చే బండ్లు దోర్నాల మీదుగా నల్లమల ఘాట్ ఎక్కి, శ్రీశైలం దాటి, మన్ననూరు, అచ్చంపేట రోడ్డు మీదుగా చాంద్రాయణగుట్ట చేరతాయి. అది పులుల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారి మూసేస్తారు. సాయంత్రం ఆలస్యంగా లోడు చేసుకుని గేటు పడ్డాక చెక్‌పోస్టుకు చేరిన బండి రాత్రంతా అక్కడే ఆగాలి. పొద్దున ఆరు తర్వాత బయల్దేరితే నగరం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికి భారీ వాహనాలకు నగరంలో ప్రవేశం ఉండదు. బండి శివారులో ఎండలో ఆగిపోతుంది. బండి కదులుతున్నంతసేపూ గాలైనా ఆడుతుంది. ఆగిన బండి మీద టార్పాలిన్ కప్పి ఉంటే లోపల వేడి ఎంత వేగంగా పెరుగుతుందో చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియదు. జీవాలు నోరు తెరిచి రొప్పుతూ ఉంటే, మెడ ముందుకు చాచి నిలబడితే, అది వడదెబ్బ మొదలైన గుర్తు. కాబట్టి ఆ దారిన వచ్చేవాళ్లు మధ్యాహ్నం మూడింటికల్లా లోడు ముగించాలి. తొమ్మిదిలోపు అడవి దాటితే రాత్రి చల్లదనంలోనే మండీకి చేరిపోతారు. బెంగళూరు రోడ్డున, విజయవాడ రోడ్డున వచ్చేవాళ్లు కూడా రాత్రి ప్రయాణమే పెట్టుకోవాలి. బయల్దేరిన అరగంటకు ఒకసారి బండి ఆపి, టార్చ్ వేసి లోపల ఏదైనా పడిపోయిందేమో చూడాలి. మొదటి అరగంటలో పడేవే ఎక్కువ.

బరువు పరిమితి నిజంగా లెక్కలోకి వచ్చేది పెద్ద పశువుల దగ్గర. ఒక ముర్రా గేదె 500 కిలోలకు పైగానే తూగుతుంది. దీపావళి తర్వాత సదర్ ఉత్సవానికి హర్యానా నుంచి తెప్పించే ముర్రా దున్నపోతులైతే ఒక్కొక్కటే వెయ్యి కిలోలు దాటుతుంది. మొహర్రం పదో రోజున డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బయల్దేరే బీబీ కా ఆలంను మోసే ఏనుగును ఈ మధ్య ఏళ్లలో పొరుగు రాష్ట్రాల నుంచి లారీలో తెప్పిస్తున్నారు. ఏనుగంటే రెండున్నర, మూడు టన్నుల పైమాటే. అంత బరువూ నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. అది ఒక అడుగు వెనక్కి వేస్తే ముందు టైర్ల మీద పట్టు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. మామూలు లారీలో గేదెలను ఆరుకు మించి ఎక్కించకూడదని, తల ఇంజిన్ వైపు ఉండేలా నిలబెట్టాలని, బండికి ఒక మనిషి కాపలా ఉండాలని 1978 నియమాలు చెబుతున్నాయి. చిన్న బాడీలో ఆరు కూడా పట్టవు. ఇందాక చెప్పిన 14 అడుగుల బాడీలో చట్టప్రకారం మూడు గేదెలకే చోటు.

ట్రాక్టరు ట్రాలీ మీద జీవాలను తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. రెండు చక్రాల ట్రాలీలో లోడు ఇరుసుకు కొంచెం ముందువైపు ఉండాలి. అప్పుడే హుక్ మీద తగినంత బరువు పడి ట్రాక్టరు వెనక చక్రాలు నేలను పట్టుకుంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు జీవాలన్నీ వెనక్కి జరిగితే ట్రాలీ వెనక భాగం కుంగి హుక్‌ను పైకి లేపుతుంది, చక్రాలు పట్టు తప్పుతాయి. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. దిగుడులో ట్రాలీయే ట్రాక్టరును నెడుతుంది. వెనక మూడో వంతులో అడ్డుకట్ట లేని ట్రాలీలో జీవాలను తేవద్దని నా గట్టి మాట.

ఇంతా చేసి మండీ దాకా క్షేమంగా వచ్చిన పొట్టేలుకు చివరి రెండు కిలోమీటర్లు ఇంకో గండం. స్కూటీ మీద కాళ్ల మధ్య ఇరికించుకుని, ప్యాసింజర్ ఆటోలో సీటు కింద తోసి ఇంటికి తీసుకెళ్లడం మనం రోజూ చూసేదే. గల్లీలో నాలుగిళ్లవాళ్లు కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే తలా కొంచెమే పడుతుంది. పొట్టేలుకు నిలబడే చోటు దొరుకుతుంది, పిల్లలకూ భయం ఉండదు.

అసలు ఇంతగా ఎందుకు కుక్కుతారు? నేను చూసినంతలో దీనికి మూలం కిరాయి మాట్లాడే పద్ధతి. ట్రిప్పుకు ఇంత అని మాట్లాడతారు. ట్రిప్పు కిరాయి కట్టేశాక, పది జీవాలు ఎక్కువ ఎక్కిస్తే అవి ఉచితంగా వచ్చినట్టు వ్యాపారికి అనిపిస్తుంది. డ్రైవరు కాదంటే వేరే బండి పిలుస్తానంటాడు. చెక్‌పోస్టులో పట్టుబడేది మాత్రం డ్రైవరు. కానీ 194వ సెక్షన్ బండి నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ, నడపనిచ్చినవాడినీ బాధ్యుణ్ణి చేస్తుంది. ఆ సెక్షన్‌ను ఉన్నదున్నట్టు అమలు చేస్తే లోడు ఎక్కించిన సేటు కూడా జరిమానా కట్టాలి. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది. జీవాల రవాణాకు సంబంధించిన లెక్కలను మనం ఎంత తేలిగ్గా తీసుకుంటామో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకాన్ని పరిశీలించిన కాగ్ నివేదిక 2024లో శాసనసభ ముందుకు వచ్చింది. గొర్రెలను తరలించినట్టు చూపిన బిల్లుల్లో మోటారు సైకిళ్ల నంబర్లు, అంబులెన్సుల నంబర్లు ఉన్నాయని అందులో ఉంది. ఏ బండిలో ఎన్ని ఎక్కాయో చూసినవాళ్లు లేకపోతే కాగితం మీద స్కూటరు కూడా లారీ అవుతుంది.

డ్రైవరు తమ్ముళ్లకు ఒక సంగతి. 7,500 కిలోల లోపు గరిష్ఠ బరువున్న రవాణా బండిని ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. మీలో చాలామందికి అది ఊరట. ఆ పరిమితి ఆర్‌సీలో ఉన్న అంకె మీద ఆధారపడింది. కాబట్టి బండి తీసుకునేముందు ఆర్‌సీ చదవండి. సేటు ఇంకో పది ఎక్కించమంటే ఫోనులో లెక్క చూపించండి. బాడీ పొడవును వెడల్పుతో గుణించి, మూడుంపావుతో భాగించండి. వచ్చిన అంకె దగ్గర ఆగండి.

కొనేవాళ్లకు, వ్యాపారులకు నా విన్నపం. ఈసారి కిరాయిని ట్రిప్పుకు కాకుండా జీవానికి ఇంత అని మాట్లాడండి. తలకు కొంచెం ఎక్కువ పడుతుంది, నిజమే. దారిలో చచ్చిన ఒక్క పొట్టేలు ధరతో పోలిస్తే అది ఏమీ కాదు. కుర్బానీకి తెచ్చే జీవం ఆరోగ్యంగా, లోపం లేకుండా ఉండాలని ధర్మం కూడా చెబుతోంది కదా. కాలు కుంటుతూ దిగిన పొట్టేలు ఆ పనికి రాదు. మండీలో కొనేటప్పుడు, ఏ బండిలో వచ్చింది భాయ్, ఎన్నింటితో కలిసి వచ్చింది అని అడగండి. నలుగురు అడిగితే అయిదో బండి బాడీ కొలుచుకుని వస్తుంది. దారిలో జీవం పడిపోతే, రొప్పుతుంటే, 1962కు ఫోను చేయండి. అది పశువుల అంబులెన్సు నంబరు.